కారు కొన్న లెక్కలో తేడా వస్తే ముందు నోరు విప్పాల్సింది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

నేను ఒక సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరి, ముప్పై నాలుగేళ్ల తర్వాత అకౌంటెంటుగా పదవీ విరమణ చేసి, ప్రస్తుతం తెనాలిలో ఉంటున్నాను. కార్లు అమ్మే షోరూములకూ కొనే కుటుంబాలకూ మధ్య డబ్బు చెల్లింపుల్లో దొర్లే పొరపాట్ల గురించీ, అవి బయటపడ్డాక ఇరుపక్షాలూ నడుచుకునే తీరు గురించీ నాకు తెలిసిన కొన్ని విషయాలు మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ధర ఎక్కువ వేశారని, బండిలో లోపం ఉందని, చెప్పిన రంగు ఇవ్వలేదని ఫిర్యాదు చేసేవారు చాలామంది ఉన్నారు. ఎవరూ ఎవరినీ మోసం చేయాలనుకోకుండానే, కేవలం తొందరలోనో ఏమరుపాటులోనో లెక్క తప్పి ఒకరి సొమ్ము మరొకరి దగ్గర ఉండిపోతే ఏం జరుగుతున్నదన్నది మాత్రం పెద్దగా చర్చకు రావడం లేదు. గత ఏడాది కాలంలో అటువంటివి రెండు నా కళ్లెదుటే జరిగాయి. ఒకదానిలో షోరూము నష్టపోయింది, రెండోదానిలో కొన్నవారు నష్టపోయారు.

మొదటిది నాదే. చిన్న పెట్రోలు కార్ల మీద 28 శాతం జీఎస్టీ, ఆపైన ఒక శాతం సెస్సు ఉండేవి. సెస్సు తీసేసి పన్నును 18 శాతానికి తగ్గిస్తున్నట్టు జీఎస్టీ మండలి 2025 సెప్టెంబరు 3న ప్రకటించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పన్నులు లేని ధర 5 లక్షలున్న కారు 6,45,000 నుంచి 5,90,000కు దిగింది. కొత్త పన్ను సెప్టెంబరు 22 నుంచి, అంటే శరన్నవరాత్రులు మొదలైన రోజు నుంచే అమలుకు వచ్చింది. దాంతో ఆగస్టులో అడ్వాన్సు కట్టినవారంతా బండి తీసుకోకుండా ఆగారు, సెప్టెంబరు మూడో వారం వరకు షోరూములు బోసిపోయాయి, ఆ తర్వాత ఒక్కసారిగా జనం విరుచుకుపడ్డారు. పాత కొటేషన్లు కొట్టేసి కొత్తవి రాయడం, పాత అడ్వాన్సును కొత్త లెక్కలోకి మార్చడం, మంజూరైన బ్యాంకు రుణాన్ని తగ్గిన ధరకు సరిపెట్టడం వంటి పనులన్నీ పది పన్నెండు రోజుల్లో ఆ కొద్దిమంది సిబ్బంది మీదే పడ్డాయి. ఇటువంటి రోజుల్లో లెక్క తప్పడం వింత కాదు. నేనూ ఆగస్టులో 25,000 కట్టి ఆగినవారిలో ఒకణ్ణి.

అక్టోబరు 2, గురువారం, విజయదశమి. మధ్యాహ్నం ఒకటిన్నరకు రాహుకాలం మొదలవుతుంది కనుక ఆ లోపలే బండి బయటికి తీయాలని మా ఇంటావిడ పట్టుదల. విజయవాడలోని ఆ షోరూములో ఆ పూట కనీసం ఇరవై కుటుంబాలు ఉన్నాయి, అందరిదీ అదే తొందర. క్యాష్ కౌంటరులో ఒకే ఒక్క అమ్మాయి కూర్చుని ఉంది. నేను కట్టవలసిన ఆఖరు విడత 60,000 రూపాయలు. కౌంటరు మీద అంటించిన క్యూఆర్ కోడును ఫోనుతో స్కాన్ చేసి, రహస్య సంఖ్య నొక్కాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. నిమిషం తర్వాత నా ఖాతా నుంచి 60,000 తగ్గినట్టు బ్యాంకు సందేశం వచ్చింది గాని, ఆ అమ్మాయి ఎదుట ఉన్న కంప్యూటరులో జమ పడలేదు. ఆమె నా ఫోను అందుకుని సందేశాన్ని రెండుసార్లు చదివింది, మళ్లీ తన తెర వైపు చూసింది. నా వెనుక నిలబడిన పెద్దమనిషి గడియారం చూపించి ‘పన్నెండూ యాభై అయిందమ్మా’ అన్నాడు. ఆమె రసీదు రాసి, ముద్ర వేసి, చింపి ఇచ్చింది. గేట్‌పాస్ వచ్చింది, కొబ్బరికాయ కొట్టాం, నిమ్మకాయలు తొక్కించాం, ఒంటిగంటా పదికల్లా రోడ్డెక్కాం.

ఆ డబ్బు షోరూము ఖాతాకు చేరనే లేదు. మధ్యలో ఆగిపోయిన యూపీఐ చెల్లింపు దుకాణదారుకు అందకపోతే, ఐదు రోజుల్లోగా కట్టినవారి ఖాతాకు తిరిగి చేరాలని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఆ ప్రకారమే అక్టోబరు 7న నా 60,000 నా ఖాతాలోకి వచ్చింది. అలా వచ్చినట్టు తెలిపిన సందేశం పండగ ఆఫర్ల సందేశాల కింద పడిపోయి నా కంటపడలేదు. ఊరందరి ఖాతాలూ సరిచూసిన నేను నా ఖాతాను మూడు వారాల పాటు చూసుకోకపోవడం ముమ్మాటికీ నా తప్పే.

దీపావళి వెళ్లిన రెండో నాడు, అక్టోబరు 22న, ఆ అమ్మాయే ఫోను చేసింది. ‘సార్, తప్పు మాదే. డబ్బు పడకుండానే రసీదు ఇచ్చేశాను. మీరు కోపగించుకోకుండా ఒక్కసారి మీ పాస్‌బుక్ చూస్తారా?’ అని అడిగింది. కట్టమని అడగలేదు, చూడమని మాత్రమే అడిగింది. ఆ మాటలోని మర్యాద నన్ను కదిలించింది.

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మా అబ్బాయి మూడు మాటలు చెప్పాడు. ఇటువంటి ఫోన్లు చేసి డబ్బు గుంజే ముఠాలు ఊరూరా ఉన్నాయన్నది మొదటి మాట. ముద్ర వేసిన రసీదు చేతిలో ఉండగా మనల్ని అడిగే హక్కు వాళ్లకు లేదన్నది రెండోది. మూడో మాటకే నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ‘నాన్నా, ఇదే డబ్బు మనం ఎక్కువ కట్టి ఉంటే వాళ్లు ఇలా ఫోను చేసి చెప్పేవాళ్లా? ఎదురింటి మాస్టారి సంగతి నీకు తెలియదా?’ అన్నాడు.

ఎదురింటి మాస్టారి సంగతి చెప్పాలి. ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు. 2025 ఉగాదికి మరొక షోరూములో కారు కొన్నారు. ఆఖరు విడత 45,000 రూపాయలను బెంగళూరులో ఉన్న వాళ్లబ్బాయి నేరుగా షోరూము ఖాతాకు పంపించి, ఆ సంగతి తండ్రికి చెప్పడం మరిచిపోయాడు. అదే రోజు సాయంత్రం మాస్టారు అదే 45,000కు చెక్కు ఇచ్చారు. రెండూ జమ అయ్యాయి, రెండింటికీ షోరూము లెక్కలో ఆయన పేరే ఉంది. ఏప్రిల్, మే, జూన్ నెలలు గడిచాయి, రెండు సర్వీసింగులు అయ్యాయి. సర్వీసింగుకు వేళయిందని గుర్తు చేయడానికి నాలుగు సార్లు ఫోను చేసిన షోరూము నుంచి, మీ డబ్బు మా దగ్గర ఉందని చెప్పడానికి ఒక్క ఫోను రాలేదు. జులైలో కొడుకు సెలవుకు వచ్చి, తండ్రితో కూర్చుని కారుకు మొత్తం ఎంత అయిందో లెక్క వేసుకున్నప్పుడు బయటపడింది. మాస్టారు వెళ్లి అడిగితే కాదనలేదు. ‘అవును సార్, మీ ఖాతాలో ఉంది’ అన్నారు. ఉందన్న మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే జవాబు లేదు. తిరిగి ఇవ్వమంటే సీటు కవర్లు తీసుకోండి, వారంటీ పొడిగింపు తీసుకోండి, వచ్చే సర్వీసింగుల్లో సర్దుతాం అన్నారు.

పద్దులు రాసిన మనిషిగా ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. షోరూములో ప్రతి కొనుగోలుదారుకూ ఒక పేజీ ఉంటుంది. పాతకాలంలో దాన్ని ఆవర్జా అనేవాళ్లం, ఇప్పుడు కంప్యూటరులో లెడ్జర్ అంటున్నారు. బండి బిల్లు ఒకవైపు, కట్టిన డబ్బు మరొకవైపు ఉంటాయి. నెలాఖరున నిల్వలు తీస్తే, ఎవరి దగ్గర రావలసింది ఉందో ఎంత స్పష్టంగా కనపడుతుందో, ఎవరికి ఇవ్వవలసింది ఉందో కూడా అంత స్పష్టంగానే కనపడుతుంది. రావలసినవాటి జాబితా తీయడానికి నొక్కే మీటా, ఇవ్వవలసినవాటి జాబితా తీయడానికి నొక్కే మీటా పక్కపక్కనే ఉంటాయి. కనుక తక్కువ పడిన డబ్బును మూడు వారాల్లో కనిపెట్టగలిగిన వ్యాపారం, ఎక్కువ పడిన డబ్బును నాలుగు నెలలు చూడలేదంటే నేను నమ్మను. చూశారు, ఊరుకున్నారు. మా బ్యాంకులో ఎవరిదో తెలియని సొమ్మును అనామతు ఖాతాలో పెట్టేవాళ్లం. ప్రతి మూడు నెలలకూ ఆ ఖాతాలోని ఒక్కొక్క పద్దుకూ యజమానిని వెతికి, కాగితం రాసి, సంతకం పెట్టించుకుని తీర్చేవాళ్లం. తీర్చని పద్దు మిగిలితే ఆడిటరు సంజాయిషీ అడిగేవాడు. ఎవరిదో తెలియని డబ్బుకే అంత జాగ్రత్త తీసుకుంటే, ఫలానా మాస్టారిదని పేరూ ఫోను నంబరూ చిరునామాతో సహా తెలిసిన డబ్బు విషయంలో మౌనం పాటించడాన్ని పొరపాటు అని ఎలా అనగలం? డబ్బు రెండుసార్లు జమ పడడం వరకే పొరపాటు. ఆ పద్దు కంటపడిన రోజు నుంచి జరిగింది వేరు.

ఈ మాట కొన్నవారికీ అంతే వర్తిస్తుంది. అక్టోబరు 22 రాత్రి వరకు నా దగ్గర ఉన్నది పొరపాటున మిగిలిన డబ్బు. 23వ తేదీ ఉదయం బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్ అచ్చు వేయించి, ఏడో తేదీ వరుసలో 60,000 జమ చూసిన క్షణం నుంచి అది నా దగ్గర ఉండకూడని డబ్బు. మా అబ్బాయి మూడో ప్రశ్నకు అప్పటికి జవాబు దొరికింది. మాస్టారి డబ్బు తొక్కిపెట్టింది ఒక షోరూము, నాకు ఫోను చేసింది మరొక షోరూములో జీతానికి పనిచేసే అమ్మాయి. అక్కడి అన్యాయానికి ఇక్కడ బదులు తీర్చుకుంటే, అది తగిలేది ఆ అన్యాయంతో ఏ సంబంధమూ లేని మనిషికి.

మా అబ్బాయి మొదటి మాటలో మాత్రం పూర్తి న్యాయం ఉంది. అందుకే ఫోనులో చెప్పిన ఏ నంబరుకూ డబ్బు పంపలేదు, వచ్చిన ఏ లింకూ తెరవలేదు. 24వ తేదీ ఉదయం పాస్‌బుక్కూ రసీదూ సంచిలో పెట్టుకుని రైల్లో విజయవాడ వెళ్లాను. అక్కడి అకౌంటెంటును వారి బ్యాంకు స్టేట్‌మెంటు చూపించమన్నాను. అక్టోబరు 2 నుంచి 10 వరకు నా పేరుతో 60,000 జమ ఎక్కడా లేదని ఇద్దరం కలిసి సరిచూశాం. కంపెనీ పేరుకు చెక్కు రాసి ఇచ్చి, పాత రసీదు రద్దయినట్టు దాని మీదే రాయించి, కొత్త రసీదు తీసుకున్నాను. ఇదంతా గంటలోపే అయిపోయింది. వచ్చేటప్పుడు ఆ అమ్మాయి మెట్ల దాకా వచ్చి, ‘నెలకు ఐదు వేలు చొప్పున నా జీతంలో పట్టుకుంటామన్నారు సార్’ అంది. ఏడాది పాటు. ఆమె జీతం ఎంతో నేను అడగలేదు. మళ్లీ లోపలికి వెళ్లి, డబ్బు చేరిందని, ఆమె జీతం నుంచి ఏమీ పట్టుకోనక్కరలేదని మేనేజరు గారి నోటితో చెప్పించుకుని వచ్చాను.

చట్టం ఏమంటుందో కూడా పాఠకులకు తెలియాలి. రసీదు చేతిలో ఉంది కనుక డబ్బు మనదే అనుకోవడం తప్పు. రసీదు అనేది డబ్బు అందిందనడానికి సాక్ష్యం మాత్రమే. డబ్బు నిజంగా అందలేదని బ్యాంకు లెక్క చూపిస్తే ఆ సాక్ష్యం నిలవదు. ఇక ఎక్కువ కట్టినవారి విషయానికి వస్తే, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 72వ సెక్షన్, పొరపాటున చెల్లించిన డబ్బును పుచ్చుకున్నవాడు తిరిగి ఇచ్చి తీరాలని చెబుతోంది. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ అచ్చం మా మాస్టారి కథే. ఇద్దరు కలిసి ఒకరికి వంద రూపాయలు బాకీ ఉన్నారు, వారిలో ఒకరు ఆ వందా కట్టేశారు, ఆ సంగతి తెలియని రెండోవారు మళ్లీ వంద కట్టారు, పుచ్చుకున్నవాడు ఆ రెండో వంద తిరిగి ఇవ్వవలసిందే. నూట యాభై ఏళ్ల క్రితం రాసిన ఆ నాలుగు పంక్తుల్లో సీటు కవర్ల ప్రస్తావన లేదు, సర్వీసింగులో సర్దుబాటు లేదు. డబ్బుకు డబ్బే ఇవ్వాలి. పొరపాటు ఆలస్యంగా తెలిసినా భయపడనక్కరలేదు. 1963 నాటి కాలపరిమితి చట్టం 17వ సెక్షన్ ప్రకారం, పొరపాటు కారణంగా వేసే దావాకు గడువు ఆ పొరపాటు తెలిసిన రోజు నుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే తెలిసి ఉండవలసిన రోజు నుంచి మొదలవుతుంది.

కొన్నవారికి మరొక దారి కూడా ఉంది. 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. 5 నుంచి 10 లక్షల మధ్య ధర చెల్లించి కొన్న వస్తువు మీద ఫిర్యాదుకు రుసుము 200 రూపాయలే, వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. ఈ ఫిర్యాదుకు మాత్రం రెండేళ్ల గడువు ఉందని గుర్తుంచుకోవాలి. తక్కువ డబ్బు పడిన షోరూముకు ఈ దారి లేదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. అరవై వేల కోసం కోర్టుకు వెళ్తే వచ్చేదెంత, పోయేదెంత అన్నది అందరికీ తెలిసిందే. అందువల్ల కొన్ని షోరూములు వేరే పట్టు వెతుక్కుంటున్నాయి. బాకీ తేలేదాకా నంబరు ప్లేటు బిగించకుండా ఆపిన సందర్భం మా బంధువుల్లోనే ఒకటి ఉంది. తీరా చూస్తే అక్కడ తప్పు షోరూముదే, ఎక్స్‌చేంజికి ఇచ్చిన పాత కారు విలువను వాళ్లు లెక్కలో కలపలేదు. లెక్క తేలకముందే బలప్రయోగానికి దిగితే, తర్వాత లెక్క ఎవరివైపు తేలినా ఆ మనుషుల మధ్య నమ్మకం అతకదు.

ఈ బలప్రయోగం ఎంత దూరం పోగలదో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక ఉదంతం చాలు. 2012లో వర్జీనియా రాష్ట్రం చెసాపీక్‌లో ఒక డీలరు, ఒప్పంద పత్రంలో ధర తప్పుగా రాసి, దాదాపు 5,600 డాలర్లు తక్కువకు బండి అమ్మాడు. కొన్న వ్యక్తి నర్సుగా పనిచేసే ఉద్యోగి. మరింత ఎక్కువ ధరకు కొత్త పత్రం మీద సంతకం పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. విషయం పోలీసుల దాకా వెళ్లింది, బండి దొంగిలించాడన్న ఆరోపణ మీద ఆయనను అరెస్టు చేసి నాలుగు గంటలు జైలులో ఉంచారు. ఆ తర్వాత కేసు ఎత్తేశారు, డీలరు యజమాని బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు, కొన్నవాడు పరిహారం కోసం దావా వేశాడు. ఆ కేసుకూ నా కేసుకూ తేడా ఉంది. నేను ఒప్పుకున్న ధరలో కొంత నా దగ్గరే మిగిలిపోయింది. అక్కడ ఇద్దరూ సంతకం పెట్టిన ధరే తక్కువ. ఒప్పుకున్న ధరను తర్వాత పెంచమని అడగడానికీ, ఒప్పుకున్న ధర పూర్తిగా అందలేదని చెప్పడానికీ ఉన్న ఆ తేడాను షోరూములవారు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. డిస్కౌంటు పొరపాటున ఎక్కువ ఇచ్చామని బండి ఇచ్చిన నెలకు ఫోను చేసేవారు మన దగ్గరా ఉన్నారు. అది పొరపాటున జరిగిన చెల్లింపు కిందికి రాదు, వారు ఆలోచించుకోకుండా చేసిన బేరం కిందికి వస్తుంది.

డబ్బు సరిగ్గా చేరినా తప్పు పేరు మీద పడే పొరపాటు ఒకటుంది. 10 లక్షలు దాటిన కారు మీద 2016 జూన్ 1 నుంచి ఒక శాతం చొప్పున షోరూమువారు ఆదాయపు పన్ను కింద వసూలు చేస్తున్నారు. అది ధరలో భాగం కాదు, కొన్నవారి పాన్ మీద ప్రభుత్వానికి జమ కావలసిన పన్ను, రిటర్నులో తిరిగి లెక్కకు వచ్చే డబ్బు. హైదరాబాదులో మా మేనల్లుడు కొన్న కారుకు 14,000 పైచిలుకు అలా వసూలు చేశారు. పాన్ సంఖ్యలో ఒక్క అక్షరం తప్పు కొట్టడంతో ఆ జమ అతని 26ఏఎస్‌లో, అంటే పాన్ మీద జమ అయిన పన్నులను చూపించే పత్రంలో, కనపడలేదు. అతను ఆడిటరు కాబట్టి పట్టుకున్నాడు, షోరూమువారు కూడా వెంటనే సవరణ రిటర్ను వేశారు. ఎంతమంది కొన్నవారు ఆ పత్రం తెరిచి చూస్తారు? పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీల దగ్గర పరిస్థితి మరీ చిక్కు. బయానా ఒకరి ఫోనుకు, మిగతాది మరొకరి ఖాతాకు, పాత లోను మూసేందుకు ఇంకొంత నేరుగా బ్యాంకుకు పంపమంటారు. రసీదు తెల్లకాగితం మీద రాస్తారు, ఒక్కోసారి అదీ ఉండదు. అటువంటి చోట డబ్బు పంపే ముందు ఆ ఖాతా ఎవరి పేరున ఉందో కనీసం చూసుకోవాలి. ఖాతా సంఖ్య కొట్టగానే యజమాని పేరు చూపించే సదుపాయాన్ని ఆర్టీజీఎస్, నెఫ్ట్ చెల్లింపులకు 2025 ఏప్రిల్ 1కల్లా అందించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది.

డీలర్ల సమాఖ్య అయిన ఫాడాకూ, మన రెండు రాష్ట్రాల్లోని షోరూముల యజమానులకూ మీ పత్రిక ద్వారా నేను చేసే విజ్ఞప్తి పెద్దదేమీ కాదు. బండి ఇచ్చిన నెల రోజుల్లోగా ప్రతి కొనుగోలుదారుకూ ఒక పేజీ లెక్క పంపండి. బిల్లు ఎంత, బీమా ఎంత, జీవితకాల పన్ను ఎంత, కొన్నవారు ఏ తేదీన ఎంత కట్టారు, బ్యాంకు నుంచి ఎంత వచ్చింది, చివరికి నిల్వ ఎంత అన్నది అందులో ఉండాలి. నిల్వ సున్నా అయితే ఇరువురూ సంతకం పెట్టి దాన్ని చుక్తా కాగితంగా ఉంచుకోవచ్చు. మీవైపు ఎక్కువ ఉంటే అడగకుండానే, ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే తిప్పి పంపండి. తక్కువ ఉంటే మీ బ్యాంకు లెక్క జతచేసి, ఉత్తరం రాసి అడగండి, కట్టడానికి వ్యవధి ఇవ్వండి. బిల్లు కింద కుడి మూలన చిన్న అక్షరాలతో ఇ అండ్ ఓఇ అని అచ్చు వేస్తారు. పొరపాట్లుంటే సరిదిద్దుకునే హక్కు ఉంచుకున్నామని దాని అర్థం. ఆ హక్కు ఆ కాగితం పుచ్చుకున్నవారికీ ఉందని ఒప్పుకోండి. పండగ రోజున వంద బండ్లు బయటికి పంపేటప్పుడు కౌంటరులో ఒక్క మనిషిని కూర్చోబెట్టి, తప్పు జరిగాక ఆమె జీతం కోయడం ఎంతమాత్రం న్యాయం కాదు. డబ్బు జమ పడినట్టు తెర మీద కనపడేదాకా రసీదు ఇవ్వనని చెప్పే స్వేచ్ఛ ఆమెకు ఇవ్వండి. రాహుకాలం వచ్చినా సరే, మేము ఆగుతాం.

కొనేవారిని కూడా ఒకటి కోరుతున్నాను. బండి ఇంటికి వచ్చిన ఆనందంలో కాగితాల కవరు బీరువాలో పెట్టేయకుండా, పది రోజులు ఆగి, పాస్‌బుక్ ముందు పెట్టుకుని ఒక్కసారి కూడిక వేసుకోండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు డబ్బు పంపి ఉంటే అందరి లెక్కా కలపండి. ఎక్కువ కట్టినట్టు తేలితే రాతపూర్వకంగా అడగండి, తక్కువ కట్టినట్టు తేలితే వారు ఫోను చేసేదాకా ఎదురు చూడకండి. నేను అక్టోబరు 12కల్లా ఆ పని చేసి ఉంటే, ఆ అమ్మాయి దీపావళి పూట జీతం కోత గురించి ఆలోచిస్తూ గడిపేది కాదు.

మాస్టారు నవంబరులో నా సలహా మీద 72వ సెక్షన్‌ను ఉటంకిస్తూ షోరూముకు రిజిస్టర్డ్ ఉత్తరం రాశారు. పన్నెండో రోజున ఆయన ఖాతాకు 30,000 వచ్చింది. మిగిలిన 15,000 సర్వీసింగులో సర్దుతామన్న పాత జవాబే మళ్లీ వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. 200 రూపాయల రుసుముతో జిల్లా కమిషనుకు ఇవ్వవలసిన ఫిర్యాదు ప్రతిని నిన్న సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఇద్దరం రాశాం, సోమవారం గుంటూరు వెళ్తున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత సహకార బ్యాంకు ఉద్యోగి,
తెనాలి.